రోమ్ నుంచి హైదరాబాద్‌కు ఆరు వైన్ సీసాలు: కస్టమ్స్ లెక్క ఎలా వేసుకోవాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు, మీ శ్రీమతి, 19 ఏళ్ల మీ అబ్బాయి మే నెలలో ఫ్రాన్స్, ఇటలీ చూసుకుని, రోమ్‌లో విమానం ఎక్కి, దుబాయ్‌లో మారి శంషాబాద్‌లో దిగుతారు. అక్కడి నుంచి కారులో విజయవాడ వెళ్తారు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఆరు వైన్ సీసాలు కొనాలని, దుబాయ్ డ్యూటీ ఫ్రీలో మీ బావగారికి ఒక లీటరు విస్కీ తీసుకోవాలని అనుకుంటున్నారు. "మనిషికి రెండు లీటర్లు కదా, ముగ్గురికి ఆరు లీటర్లు. మా సరుకు అంతా కలిపితే ఐదున్నర లీటర్లే. ఇబ్బంది ఉండదు కదా?" అని అడిగారు.

ఇబ్బంది ఉంటుందండి. మీరు వేసుకున్న లెక్క ప్రకారం తెస్తే డ్యూటీ కట్టాల్సి వస్తుంది. డ్యూటీ లేకుండా మీ దంపతులిద్దరూ తెచ్చుకోగలిగేది నాలుగు వైన్ సీసాలు, లేదా మూడు వైన్ సీసాలు, ఒక లీటరు విస్కీ. అంతకు మించి తేవడం నేరమేమీ కాదు. ఎక్కువైన సీసాను, సుంకం పడే సామాను ఉన్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానల్‌లో చూపించి డ్యూటీ కట్టి తీసుకెళ్లొచ్చు. చూపించకుండా, అలాంటివేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానల్‌లో నడిచి వెళ్లిపోవడమే తప్పవుతుంది.

నేను హైదరాబాద్ నుంచి యూరప్‌కు టూర్ గ్రూపులు తీసుకెళ్తుంటాను. తిరుగు ప్రయాణం రోజు బస్సులో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువమంది పొరపాటు పడేదీ ఇక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండు లీటర్లను కలుపుకోవడానికి వీల్లేదు

మన దేశ బ్యాగేజీ నిబంధనల్లో మద్యానికి ఉన్న పరిమితి ఒక్కో ప్రయాణికుడికి రెండు లీటర్లు. విస్కీ, వైన్, బీరు అన్నీ ఈ రెండు లీటర్లలోనే రావాలి. ఒకరి మినహాయింపును ఇంకొకరి మినహాయింపుతో కలపకూడదని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. భార్యాభర్తలైనా అంతే. మీ లెక్క తప్పింది సరిగ్గా ఇక్కడే.

వైన్ సీసా మామూలుగా 750 మిల్లీలీటర్లు ఉంటుంది. రెండు సీసాలంటే లీటరున్నర. మూడోది కలిపితే రెండుంపావు లీటర్లు, అంటే పావు లీటరు ఎక్కువ. కాబట్టి మనిషికి రెండు సీసాల దగ్గర ఆగాల్సిందే. మిగిలిన అర లీటరు ఖాళీగానే ఉంటుంది. మీ ఇద్దరికీ మిగిలిన అర లీటర్లు రెండూ కలిపి ఒక లీటరు విస్కీ తెచ్చుకుందామంటే నిబంధన ఒప్పుకోదు. మీ అబ్బాయిని లెక్కలోకి తీసుకున్నా సరే, ముగ్గురి దగ్గర తలా రెండు వైన్ సీసాలు ఉంటే ఆ లీటరు విస్కీకి ఎవరి ఖాతాలోనూ చోటుండదు. మొత్తం ఆరు లీటర్లకు లోపే ఉన్నా పరిమితి దాటినట్టే.

మిగిలిన ఆ అర లీటరును వాడుకునే మార్గం ఒకటుంది. టస్కనీలో విన్ సాంతో అని తియ్యటి వైన్ చేస్తారు. ద్రాక్షను కోసి నెలల తరబడి ఆరబెట్టి, తర్వాత రసం పిండి చేసే వైన్ అది. దాన్ని చాలా చోట్ల 375 లేదా 500 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో అమ్ముతారు. రెండు మామూలు సీసాలు, ఒక 500 మిల్లీలీటర్ల విన్ సాంతో తీసుకుంటే సరిగ్గా రెండు లీటర్లు. మా గ్రూపుల్లో వైన్ అలవాటు లేనివాళ్లకు కూడా అది బాగా నచ్చుతుంది. ఇంటికెళ్లాక పెద్దవాళ్లకు ఒక్కో గుక్క రుచి చూపించడానికి కూడా బాగుంటుంది.

అబ్బాయి సంగతి

19 ఏళ్ల అబ్బాయికి ఇటలీలో వైన్ అమ్ముతారు. అక్కడ 18 నిండితే చాలు. కానీ మీరు దిగేది తెలంగాణలో, వెళ్లేది ఆంధ్రప్రదేశ్‌కు. రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి కనీస వయసు 21. కౌంటర్ దగ్గర అధికారి అబ్బాయి పాస్‌పోర్టు చూసి "ఈ సీసాలు ఇతనివా?" అని అడిగితే మీ దగ్గర గట్టి సమాధానం ఉండదు. నేనైతే 21 లోపు వాళ్ల పేరు మీద ఒక్క సీసా కూడా లెక్క వేయను. ఇది నా పద్ధతి, మీకూ అదే చెప్తాను.

విలువ కూడా చూస్తారు

రెండు లీటర్ల లోపు ఉంటే ఎంత ఖరీదైనదైనా ఫ్రీ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండు లీటర్ల లోపు మద్యం విలువ కూడా మీ సాధారణ ఉచిత పరిమితిలో భాగమే. 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో ఆ పరిమితి మనిషికి 50,000 రూపాయలు ఉండేది, 2026 ఫిబ్రవరి నుంచి దాన్ని 75,000 చేశారు. ప్రభుత్వం ఈ అంకెను సవరిస్తుంటుంది కాబట్టి బయల్దేరే వారంలో కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఇరవై, ముప్పై యూరోల సీసాలు కొనేవాళ్లకు దీనితో పెద్దగా పని పడదు. ఎవరైనా పాత బ్రునెల్లో, పేరున్న బోర్డో లాంటి ఖరీదైన వైన్లు కొని, వాటితోపాటు మిలాన్‌లో బ్యాగులు, వాచీలు కూడా కొంటే అన్నీ కలిపి చూసుకోవాలి.

"ఇవి గిఫ్టులు, నాకోసం కాదు" అని చెప్తే వేరే మినహాయింపు ఉంటుందని కొందరు నమ్ముతారు. అలాంటిదేమీ లేదు. ఎవరికిస్తారన్నది కస్టమ్స్‌కు అనవసరం, ఎవరి సామానులో వచ్చిందన్నదే చూస్తారు.

ఎక్కువైన సీసాకు ఎంత కట్టాలి?

రెండు లీటర్లు దాటిన మద్యానికి ఉచిత పరిమితి వర్తించదు. వైన్ మీద మన దిగుమతి సుంకం ఎన్నో ఏళ్లుగా 150 శాతం దగ్గరే ఉంటోంది. యూరో వంద రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. టస్కనీలో 20 యూరోలకు కొన్న సీసా 2,000 రూపాయలు. దాని మీద డ్యూటీ సుమారు 3,000. అంటే ఆ సీసా మీ చేతికొచ్చేసరికి 5,000 పడుతుంది. కస్టమ్స్ వాళ్లు లెక్క వేసేది ప్రభుత్వం ప్రకటించిన మారకపు రేటుతో, మీ కార్డులో పడిన రేటుతో కాదు. కాబట్టి అంకె కొంచెం అటూఇటూ అవుతుంది.

ఇది చదివాక "అయితే వద్దులే" అనిపించడం సహజం. నా అభిప్రాయం ఏమిటంటే, హైదరాబాద్‌లో దొరికే వైన్‌కు డ్యూటీ కట్టడం దండగ. సూపర్‌మార్కెట్లో పది యూరోలకు దొరికే కియాంతి అనే టస్కనీ వైన్‌కు అసలే వద్దు. కానీ మీరు స్వయంగా తోటకు వెళ్లి, రుచి చూసి, ఇక్కడ ఎక్కడా దొరకని సీసా కొంటే డ్యూటీ కట్టి తెచ్చుకోండి, తప్పేం లేదు. మా గ్రూపులో వచ్చిన ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు తన పెళ్లయిన సంవత్సరం లేబుల్ మీద ఉన్న సీసా ఒకటి టస్కనీలోని మోంతల్చీనోలో కొన్నారు. అది ఆయన దగ్గర మూడో సీసా. శంషాబాద్‌లో నేరుగా రెడ్ ఛానల్‌కు వెళ్లి, బిల్లు చూపించి, డ్యూటీ కట్టి, రసీదు తీసుకుని బయటికొచ్చారు. మిగతా గ్రూపు ఇంకా బెల్టు దగ్గర పెట్టెల కోసం ఎదురుచూస్తూనే ఉంది. అక్కడ ఎవరూ ఆయన్ను దొంగలా చూడలేదు.

బిల్లు పారేయకండి. సీసా ధర తెలిసేది దానితోనే. బిల్లు లేకపోతే ధర అధికారే నిర్ణయిస్తారు. ఆ ధర మీరు ఇచ్చినదాని కంటే ఎక్కువే ఉండొచ్చు, అప్పుడు వాదించడానికి మీ దగ్గర కాగితం ఉండదు. చిన్న తోటల్లో చేతితో రాసిన రసీదు ఇస్తారు. అయినా ఫర్వాలేదు, తేదీ, ధర, దుకాణం పేరు ఉంటే చాలు. కొన్న రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, దుకాణాల బిల్లుల మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది.

గ్రీన్ ఛానల్, రెడ్ ఛానల్

కస్టమ్స్ చట్టం 1962లోని 77వ సెక్షన్ ప్రకారం తన సామానులో ఏముందో ప్రయాణికుడే చెప్పాలి. సుంకం పడే వస్తువేదీ లేకపోతే గ్రీన్ ఛానల్, ఉంటే రెడ్ ఛానల్. సీబీఐసీ వాళ్ల 'అతిథి' యాప్‌లో ముందే డిక్లరేషన్ నింపుకోవచ్చు, లేదంటే దిగాక ఫారం నింపొచ్చు.

గ్రీన్ ఛానల్‌లో నడిస్తే చూడరని అనుకోవద్దు. బయటికి వెళ్లేముందు సామాను ఎక్స్‌రే మీదుగా వెళ్తే సీసా ఆకారం స్క్రీన్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. బట్టల్లో చుట్టినా, బూట్లలో దూర్చినా కనిపిస్తుంది. చెప్పకుండా పట్టుబడితే సరుకును స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. విడిపించుకోవాలంటే డ్యూటీ మీద జరిమానా కూడా కట్టాలి. ముందే చెప్తే డ్యూటీతో పోతుంది. రాత్రంతా విమానంలో వచ్చి, తెల్లవారుజామున అక్కడ నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం కన్నా అదే నయం. టెన్షన్ ఉండదు.

డ్యూటీ కట్టడం ఇష్టం లేకపోతే సీసాను అక్కడే వదిలేయొచ్చు. నిజంగా డిక్లేర్ చేసిన వస్తువును తాత్కాలికంగా కస్టమ్స్ దగ్గర ఉంచి, మళ్లీ దేశం విడిచి వెళ్లేటప్పుడు తీసుకునే వీలు 80వ సెక్షన్ ఇస్తుంది. మీలా ఇక్కడే ఉండేవాళ్లకు దానితో పెద్దగా పని పడదు. అమెరికా నుంచి సెలవుల మీద వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఇంకొక్క మాట. సీసాలన్నీ ఒకే పెట్టెలో సర్దకండి. మీ రెండు మీ పెట్టెలో, మీ శ్రీమతివి ఆమె పెట్టెలో పెట్టండి, ట్యాగ్‌లు ఎవరి పేరు మీద వాళ్లవి ఉండేలా చూసుకోండి. మినహాయింపు మనిషిని బట్టి కాబట్టి పెట్టె కూడా మనిషిని బట్టే ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి.

"ఎయిర్‌లైన్ వాళ్లు ఐదు లీటర్లు అన్నారు!"

ప్రతి గ్రూపులోనూ ఈ మాట వస్తుంది, మీ ప్రశ్న కింద కూడా ఒకరు ఇదే రాశారు. అది వేరే నిబంధన. విమానంలో మంటలు అంటుకునే ప్రమాదాన్ని బట్టి పెట్టిన భద్రతా పరిమితి అది, సుంకానికి దానితో సంబంధం లేదు. 24 శాతం నుంచి 70 శాతం దాకా ఆల్కహాల్ ఉన్న పానీయాలు మనిషికి ఐదు లీటర్లు, కంపెనీ సీసాలో సీలు తీయకుండా ఉండాలి. 70 శాతం దాటితే అసలు ఎక్కించరు. 24 శాతం లోపు వాటికి ఈ పరిమితే లేదు. వైన్ సాధారణంగా 12 నుంచి 15 శాతం ఉంటుంది, పోర్టు వైన్ లాంటి ఘాటైనవి కూడా 20 చుట్టుపక్కలే. అంటే విమానం వరకు వైన్‌కు అడ్డు బరువొక్కటే. డజను సీసాలు చెక్-ఇన్‌లో వేసినా ఎయిర్‌లైన్ బరువు చూసి ఊరుకుంటుంది, కానీ శంషాబాద్‌లో రెండు లీటర్ల లెక్క మారదు. రోమ్ కౌంటర్‌లో ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఇక్కడ కూడా అనరని ధీమాగా వచ్చి ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

చేతి బ్యాగులో పెట్టొద్దు

తోటలోనో ఊళ్లోనో కొన్న సీసా చేతి బ్యాగులో వెళ్లదు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం చాలా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. ఇటలీలోని సొరెంతోలో కొన్న లిమోంచెల్లో (నిమ్మతో చేసే తియ్యటి మద్యం) సీసాను ఒకావిడ చివరి రోజు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నారు, పెట్టెలో చోటు లేక. చెక్-ఇన్ అయిపోయి పెట్టెలు వెళ్లిపోయాయి. సెక్యూరిటీలో ఆ సీసాను డబ్బాలో పడేయక తప్పలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, మనవరాలి పెళ్లికని కొన్నదట.

విమానాశ్రయంలో సెక్యూరిటీ దాటాక డ్యూటీ ఫ్రీలో కొన్నవి వేరు. వాటిని సీలు వేసిన పారదర్శక సంచిలో, బిల్లు లోపల కనిపించేలా పెట్టి ఇస్తారు. ఆ సంచిని ఇల్లు చేరేదాకా తెరవకండి. రోమ్‌లో కొంటే దుబాయ్‌లో మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది, సీలు తెగి ఉంటే లోపలికి పంపరు. మీరు ఎలాగూ విస్కీ దుబాయ్‌లో కొంటామంటున్నారు, అది మంచిదే, ఒక తనిఖీ తగ్గుతుంది.

శంషాబాద్‌లో దిగాక కూడా డ్యూటీ ఫ్రీ దుకాణం ఉంది. విస్కీ అక్కడే తీసుకుంటే మోసే పని కూడా ఉండదు. అయితే అక్కడ కొన్నది కూడా ఆ రెండు లీటర్లలో భాగమే. డ్యూటీ ఫ్రీలో అమ్మారు కాబట్టి లెక్కలోకి రాదనుకోవడం సరికాదు.

హైదరాబాద్‌కు నేరుగా రాకుండా ఢిల్లీలోనో ముంబైలోనో దిగి దేశీయ విమానం ఎక్కేవాళ్లు, ఎక్కడ కస్టమ్స్ అవుతుందో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. మొదట దిగిన చోట పెట్టెలు తీసుకోవాల్సి వస్తే, డ్యూటీ ఫ్రీ సీసాను కూడా అక్కడే పెట్టెలో సర్ది మళ్లీ చెక్-ఇన్‌లో ఇవ్వడం మేలు.

దుబాయ్‌లో బయటికి వెళ్తే

మీరు విమానం మారడమే అయితే పెట్టెలు నేరుగా హైదరాబాద్‌కు వస్తాయి, అక్కడి కస్టమ్స్‌తో పని లేదు. రెండు రోజులు ఆగి ఊరు చూద్దామనుకుంటే సామానుతో బయటికి వస్తారు, అప్పుడు వాళ్ల పరిమితి చూసుకోవాలి. మద్యం నాలుగు లీటర్ల దాకా అనుమతిస్తారు. కానీ షార్జాలో బంధువుల ఇంట్లో దిగేవాళ్లు జాగ్రత్త, ఆ ఎమిరేట్‌లో మద్యం నిషేధం.

కువైట్, సౌదీ వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడ పని చేస్తున్నారు. యూరప్ నుంచో దుబాయ్ నుంచో అక్కడికి వెళ్లేటప్పుడు ఒక్క సీసా కూడా పెట్టెలో ఉండకూడదు. అక్కడ డ్యూటీ కట్టి విడిపించుకోవడమనే మాటే లేదు. కేసు అవుతుంది, ఉద్యోగం పోతుంది, వెనక్కి పంపేస్తారు. "తెలియక తెచ్చాను" అంటే వినరు. మాల్దీవులకు హనీమూన్‌కు వెళ్లే జంటలు కూడా హైదరాబాద్ డ్యూటీ ఫ్రీలో కొని తీసుకెళ్లొద్దు. రిసార్టులో అమ్ముతారు కానీ ప్రయాణికుల సీసాను లోపలికి రానివ్వరు.

ఇక్కడి నుంచి తీసుకెళ్లేవాళ్లకు

నాసిక్ వైన్ పిల్లలకు తీసుకెళ్లొచ్చా అని అమెరికా వెళ్లే తల్లిదండ్రులు తరచూ అడుగుతారు. తీసుకెళ్లొచ్చు. అమెరికాలో 21 నిండిన ఒక్కొక్కరికి ఒక లీటరు దాకా సుంకం లేదు. సొంతానికి అనిపించేంత పరిమాణంలో ఎక్కువ తెచ్చినా సుంకం కట్టించుకుని వదులుతారు, వైన్ మీద అది మన దగ్గరితో పోలిస్తే చాలా తక్కువ. దిగిన రాష్ట్రం చట్టం కూడా వర్తిస్తుంది. ఫారంలో తప్పకుండా రాయండి.

బ్రిటన్ ఈ విషయంలో బాగా ఉదారం. బుడగల్లేని వైన్ 18 లీటర్ల దాకా ఫ్రీ. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి వెళ్తే నాలుగు లీటర్ల వైన్, 17 నిండినవాళ్లకు. ఆస్ట్రేలియాలో 18 నిండినవాళ్లకు రెండుంపావు లీటర్లు, అంటే సరిగ్గా మూడు సీసాలు. అయితే అక్కడ పరిమితి దాటితే ఎక్కువైన దాని మీదే కాకుండా తెచ్చిన మద్యం మొత్తం మీద సుంకం వేస్తారు. కెనడాలో లీటరున్నర వైన్. సింగపూర్‌లో రెండు లీటర్లు, కానీ దేశం బయట 48 గంటలు ఉండి ఉండాలి, మలేషియా నుంచి వస్తే అదీ లేదు. థాయిలాండ్‌లో ఒక్క లీటరే.

మరొకటి. పిల్లలకు ఇష్టమని తాటికల్లో ఈతకల్లో ప్లాస్టిక్ సీసాలో పోసి తీసుకెళ్తామని అడిగినవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. కల్లు పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ వదులుతూనే ఉంటుంది. మూత బిగించిన సీసా పెట్టెలో పగిలితే మీ బట్టలే కాదు, పక్కవాళ్ల పెట్టెలూ పాడవుతాయి. లేబుల్ లేని మద్యాన్ని ఏ దేశం కస్టమ్స్ అయినా అనుమానంగానే చూస్తుంది. ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్‌కూ ఇదే వర్తిస్తుంది.

సర్దడం

నిండు వైన్ సీసా ఒక్కోటి కిలోన్నర దాకా తూగుతుంది. బుడగల వైన్ ఇంకా బరువు, లోపలి ఒత్తిడికి తట్టుకోవడానికి గాజు మందంగా ఉంటుంది. నాలుగు సీసాలంటే ఆరు కిలోలు పక్కన పెట్టుకోండి. అది మర్చిపోయి రోమ్‌లో కౌంటర్ ముందు పెట్టె తెరిచి చీరలు బయటికి తీసేవాళ్లు ప్రతి ట్రిప్పులో కనిపిస్తారు.

ఒక్కో సీసాను ముందు ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి తీసి, మెడ దగ్గర బిగించండి. ఇంకో సంచి తొడగండి. దాని మీద మందపాటి టీషర్టు గానీ టవల్ గానీ చుట్టండి. పెట్టె గోడకు తగలకుండా నట్టనడుమ పెట్టండి, సీసాకు సీసా తగలకుండా మధ్యలో మెత్తటి బట్ట ఉండాలి. ఎక్కువగా పగిలేది మెడ దగ్గరే, కాబట్టి అక్కడ ఇంకో చుట్టు వేయండి. బూట్లు, ఛార్జర్లు పక్కన పెట్టకండి. టస్కనీ తోటల్లో సీసాల కోసం థర్మాకోల్ గూడున్న పెట్టెలు అమ్ముతారు. ఆరు సీసాలు తెచ్చేవాళ్లకు అది మంచిదే, కానీ దాన్ని వేరే లగేజీగా లెక్కేస్తారు, టికెట్‌లో ఎన్ని పెట్టెలకు అనుమతి ఉందో చూసుకోండి.

తోటవాళ్లు "మీ ఇంటికే పంపిస్తాం" అంటే ఇండియా అడ్రసు ఇవ్వకండి. రెండు లీటర్ల మినహాయింపు మీతో పాటు వచ్చే సామానుకే. విడిగా వచ్చే పార్శిల్ మామూలు దిగుమతి కిందికి వస్తుంది. సుంకంతోపాటు అనుమతులు, కాగితాలు కావాలి. అమెరికాలోనో జర్మనీలోనో ఉండేవాళ్లకు పనికొచ్చే సౌకర్యం అది.

శంషాబాద్ నుంచి విజయవాడ

కస్టమ్స్ అయిపోయాక ఇంకేముంది అనుకుంటారు, కానీ రాష్ట్ర ఎక్సైజ్ చట్టం వేరు. కస్టమ్స్ కేంద్రానిది, మద్యం ఎంత ఉంచుకోవచ్చు, రాష్ట్రంలోకి ఎంత తేవచ్చు అన్నది రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత ఈ నిబంధనలు బాగా బిగించారు, బయటి రాష్ట్రాల నుంచి తెచ్చే సీసాల మీద కోర్టు దాకా వివాదాలు వెళ్లాయి. విజయవాడ హైవే మీద గరికపాడు చెక్‌పోస్టు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మీరు వెళ్లే సమయానికి అమల్లో ఉన్న పరిమితి ఎంతో ముందే కనుక్కోండి. వైన్, విస్కీ కలిపి నాలుగు సీసాలకు మించకుండా చూసుకుంటే డ్యూటీ ఫ్రీ పరిమితిలోనే తెచ్చామని తేలిగ్గా చెప్పుకునే వీలుంటుంది. సీలు తీయకుండా ఉంచండి. బిల్లులు, డ్యూటీ కడితే ఆ రసీదు, ముగ్గురి బోర్డింగ్ పాసులు ఒక కవర్‌లో పెట్టి కారు ముందు సీట్లో ఉంచుకోండి. ఆపినా కాగితం చూపిస్తే విదేశాల నుంచి వచ్చిన సామానని తెలుస్తుంది.

అహ్మదాబాద్‌లోనో పట్నాలోనో దిగేవాళ్లు మాత్రం అసలు తేకండి. గుజరాత్‌లో ఎప్పటి నుంచో, బీహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి నిషేధం ఉంది. డ్యూటీ ఫ్రీ బిల్లు అక్కడ రక్షణ కాదు.

మీరు మే నెల అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. మధ్యాహ్నం ఎండలో డిక్కీలో ఐదు గంటలు ఉంటే వైన్ ఉడికిపోతుంది. బిరడా పైకి లేస్తుంది, రుచి మాడినట్టు అవుతుంది, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా తిరిగి రాదు. పెట్టె డిక్కీలో వేసినా సీసాలను బయటికి తీసి, ఏసీ ఉండే చోట, వెనక సీటు కింద పడుకోబెట్టి తీసుకెళ్లండి. దారిలో సూర్యాపేటలో భోజనానికి ఆగితే కారును నీడలో పెట్టండి. ఇంటికి చేరాక వారం రోజులు కదపకుండా చల్లటి చీకటి గదిలో ఉంచి, ఆ తర్వాత తెరవండి.